రెండు కాగితాల మీద ఒకే వేలు

బొంతల గది,
రేకుల వీధి.
వానలు మొదలైన మూడో రోజు.

చిరంజీవి చెల్లెలి కూతురికి,

నా పేరు బొంతలమ్మ. అసలు పేరు వేరే ఉంది, కానీ ఆ పేరుతో పిలిచేవాళ్ళంతా పోయారు కాబట్టి అది అక్కర్లేదు. వయసు డెబ్బై నాలుగు, కాదంటే డెబ్బై ఆరు. చేసే పని బొంతలు కుట్టడం. నివాసం పైన చెప్పిన గది, దాని మీదున్న చిన్న మేడగది. పెళ్ళి అయింది, ఆయన పోయాడు. పిల్లలు లేరు, నిన్ను లెక్కలోకి తీసుకోకపోతే. ఇంట్లో ఉండేవాళ్ళు నేనూ ఒక గోడ గడియారమూ.

ఇదంతా నీకు తెలుసని నాకూ తెలుసు. రాస్తున్నది మన వీధి చివర కోర్టు గోడ పక్కన కూర్చుని అర్జీలు రాసే రైటరుగారు. పేరూ వయసూ నివాసం పడకపోతే ఆయన కలం కదలదు. "మా చెల్లెలి కూతురికండీ, జడ్జీకి కాదు" అన్నాను. "ఎవరికైనా సరే, మాట్లాడే మనిషెవరో తేలకుండా మాట ఎలా నిలబడుతుందమ్మా" అన్నాడు. సరే, నిలబెట్టమన్నాను. క్షేమమని కూడా రాయబోయాడు. అది మాత్రం కొట్టేయించాను, ఎందుకంటే నేను క్షేమంగా లేను.

సంగతి ఇది. పది రోజుల కిందట పొద్దున్నే ఆరు బొంతలు పూర్తయి బండెక్కి వెళ్ళిపోయాయి. నాతో కుట్టే ఇద్దరు ఆడవాళ్ళకీ ఆ పూట సెలవిచ్చి, నేను దారం కోసం బజారుకి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి ఒకాయన బూట్లతో నా గచ్చు మీద నడుస్తున్నాడు. చేతిలో టేపు. ఆ టేపు రెండో కొస పట్టుకుని ఇంటి ఓనరు గోడకి ఆనుకుని ఉన్నాడు, నన్ను చూసి కిటికీలోంచి బయటికి చూడడం మొదలెట్టాడు.

"ఎవరు నాయనా నువ్వు?" అన్నాను.

"సర్వే అమ్మా."

"దేని సర్వే?"

"ఖాళీ గదుల సర్వే."

నేను గది నడిమధ్య నిలబడి ఉన్నాను. అతను నా ఎదురుగా నిలబడి, నన్ను చూస్తూనే, ఖాళీ అని పైకి అనుకుంటూ రాసుకున్నాడు.

నిన్న తలుపు మీద కాగితం అంటించి వెళ్ళారు. రైటరు చదివాడు. ఇతర దేశాల నుంచి వచ్చి కంప్యూటరు మీద పని చేసుకునే అతిథుల కోసం ఈ గదిని ఎంపిక చేశారట. ఇరవై నాలుగు బల్లలు వేస్తారట. కింద ముద్ర ఉంది. అది మీ కార్యాలయం ముద్రేనట. అందుకే నిన్నే అడుగుతున్నాను. వీళ్ళెవరు? వీళ్ళని పిలిచిందెవరు? పిలిస్తే పిలిచారు, నా గచ్చు మీద బల్లలు వేయమన్నదెవరు?

బొంత బల్ల మీద కుట్టేది కాదని నీకు ఒకరు చెప్పాలా? పొరలు నేల మీద పరిచి, మూలలకి రాళ్ళు పెట్టి, అరచేత్తో ముడతలు బయటికి తోసుకుంటూ నడిమి నుంచి అంచుకి కుట్టుకు రావాలి. నువ్వు పాకడం నేర్చుకున్నది ఆ గచ్చు మీదే. నీ మోకాళ్ళకి సూదులు గుచ్చుకుంటాయని సాయంత్రమయ్యేసరికి తాడుకి అయస్కాంతం కట్టి మూలమూలా లాగేదాన్ని. ఆ చోటు పోతే నాకు ఇంకో చోటు లేదు. జవాబు రాయి.

బొంతలమ్మ వేలిముద్ర.

(రాసేవాడి మనవి: ఇంట్లో ఉండేవాళ్ళ వివరం ఆవిడ చెప్పినట్టే రాశాను. బాధ్యత ఆవిడదే.)

*

పథకం కార్యాలయం,
మూడో అంతస్తు, కిటికీ పక్క బల్ల.

పెద్దమ్మకి నమస్కారాలు,

ఉత్తరం అందింది. నీ వయసు డెబ్బై ఆరు కాదు, డెబ్బై అయిదు. రైటరుగారి తృప్తి కోసం చెబుతున్నాను.

నువ్వు కంగారు పడకు. అది ముసాయిదా జాబితా మాత్రమే. ముసాయిదా అంటే ఇంకా కొట్టివేతలు ఉంటాయి.

ఆ అతిథుల గురించి అడిగావు. వాళ్ళ ఉద్యోగాలు వాళ్ళ దేశంలోనే ఉంటాయి. పని మాత్రం కంప్యూటరు మీద ఎక్కడ కూర్చునైనా చేసుకోవచ్చు. అలాంటివాళ్ళని మన దగ్గరికి వచ్చి ఏడాది ఉండండని పిలవాలా వద్దా అన్నది ప్రశ్న. వాళ్ళ జీతం అక్కడి నుంచి వస్తుంది, ఖర్చు ఇక్కడ పెడతారు, ఇక్కడ ఎవరి ఉద్యోగమూ తీసుకోరు. మన వీధుల్లో దుకాణాలకీ అద్దె గదులకీ కళ వస్తుంది. మనం పిలవకపోతే పక్క దేశం పిలుస్తుంది, ఇప్పటికే పిలుస్తోంది. ఇదీ ఫైల్లో ఉన్న మాట. నా మాట ఏమిటని అడుగుతావు, నాకు తెలుసు. పొద్దున పిలవాలనిపిస్తుంది, బస్సులో ఇంటికి వెళ్ళేటప్పుడు ఎందుకొచ్చిన గొడవ అనిపిస్తుంది. మా గదిలో అందరి పరిస్థితీ ఇంతే. కాకపోతే మిగతావాళ్ళు బయటికి చెప్పరు.

ప్రతి వీధి నుంచీ అభిప్రాయాలు తీసుకుంటున్నారు. పిలవండి అని ఒక కాగితం, వద్దు అని ఒక కాగితం తిరుగుతాయి. మీ వీధికీ వస్తాయి. నీకు సబబు అనిపించిన దాని మీద వేలిముద్ర వెయ్యి.

పైకప్పు ఇంకా కారుతోందా? ఉత్తరం మూల గిన్నె పెడుతున్నావా, బకెట్టు దాకా వచ్చిందా? ఎంపికైన గదులకి కప్పు కొత్తగా వేసి, కరెంటు తీగలు మార్చి ఇస్తారని ఇక్కడ అనుకుంటున్నారు. అనుకుంటున్నారంతే.

నీ చెల్లెలి కూతురు.

*

బొంతల గది,
రేకుల వీధి.
బకెట్టు రెండుసార్లు పారబోసిన రోజు.

చిరంజీవికి,

నా పేరు బొంతలమ్మ, వయసు నువ్వు చెప్పిందే, ఇంకో నెల కలుపుకో. నివాసం ఇప్పటికైతే అదే.

నీ ఉత్తరం రైటరు రెండుసార్లు చదివాడు. మొదటిసారి నీ అక్షరాలు బాగున్నాయని మెచ్చుకున్నాడు. రెండోసారి "ఈ అమ్మాయి ఏం చెప్పిందమ్మా?" అని నన్నే అడిగాడు.

కప్పు సంగతి ఎందుకు తెచ్చావు? నేను తలుపు గురించి అడిగితే నువ్వు కప్పు గురించి రాశావు. చిన్నప్పుడు పలక పగలగొట్టి, "పెద్దమ్మా, ఇవాళ ఎండ ఎంతుందో" అనేదానివి. అది గుర్తొచ్చింది.

వాళ్ళు ఎవరి ఉద్యోగమూ తీసుకోరని రాశావు. సరే. ఉద్యోగం తీసుకోరు, ఉద్యోగం చేసే చోటు తీసుకుంటారు. బొంత నేను నెత్తి మీద పరుచుకుని కుట్టనా? ఇంకోటి. వాళ్ళ పని ఎక్కడ కూర్చున్నా సాగేదని నువ్వే రాశావు. ఎక్కడ కూర్చున్నా సాగే పనికి నా గదే కావాల్సొచ్చిందా? నా పని చూడు, ఒక్క చోటే సాగుతుంది. ఇద్దర్లో కదలమని ఎవరికి చెప్పాలి? నాకు చదువు లేదు కాబట్టి ఈ లెక్క నాకు తిరగబడి కనిపిస్తోందేమో, చదువుకున్నదానివి నువ్వు సరిచేసి చెప్పు.

వద్దు అనే కాగితం మొన్న వచ్చింది. పట్టుకొచ్చింది ఎదురు కొట్టు రేకులాయన. బకెట్లకి అడుగులు వేస్తాడే, ఆయనే. "వాళ్ళొస్తే మొదట నా సుత్తి ఆపిస్తారు బొంతలమ్మా. వాళ్ళ కరపత్రంలో మన వీధి ప్రశాంతమైన వీధి అని వేశారంట" అన్నాడు. ఆ మాట అంటున్నంతసేపూ సుత్తితో కొడుతూనే ఉన్నాడు, నాకు సగమే వినిపించింది. అయినా వేలిముద్ర వేశాను. గట్టిగానే వేశాను, కింది కాగితానికి కూడా దిగింది.

ఒక చిన్న మాట. వీధిలో ఎవరో అడిగారు, నాకు కాదు. చూడ్డానికి వచ్చిన పరదేశి మనిషి ఒకరు, కాగితాల గడువు అయిపోవస్తే, మీ పథకం గనక వస్తే, ఇక్కడే ఉండిపోవచ్చా? ఊరికే అడిగారు. తీరిక ఉంటే రాయి, లేకపోతే వెంటనే రాయి.

బొంతలమ్మ వేలిముద్ర.

(రాసేవాడి మనవి: "లేకపోతే వెంటనే" అన్న మాట సరిగ్గా లేదని చెప్పాను. ఉంచమన్నారు.)

*

పథకం కార్యాలయం,
మూడో అంతస్తు.

పెద్దమ్మా,

వీధిలో అడిగినవాళ్ళకి చెప్పు: పథకం వస్తే, ఇప్పటికే ఇక్కడ ఉన్నవాళ్ళు కూడా పేరు నమోదు చేసుకుని ఏడాది ఉండొచ్చు. రాకపోతే గడువు రోజు దాటకుండా వెళ్ళిపోవాలి. పర్యాటకులుగా వచ్చి పని చేసుకుంటూ దొరికితే మళ్ళీ ఈ దేశంలో అడుగు పెట్టనివ్వరు. ఎవరా అడిగింది?

ఇప్పుడు నేను అడగాల్సింది ఉంది. రేకుల వీధి నుంచి రెండు కట్టలూ వచ్చాయి. వాటిని విడదీసి పేర్లు సరిచూసే పని నాదే. వద్దు అనే కాగితంలో నీ వేలిముద్ర చూశాను. ఎడమ బొటనవేలు, అడ్డంగా కత్తెర కోత. ఆ కోత నా వల్లే పడింది. నేను కత్తెర పట్టుకుని పరిగెత్తితే లాక్కోబోయావు. ఆ ముద్ర ఎక్కడున్నా నేను పోల్చుకుంటాను.

తర్వాత పిలవండి అనే కాగితం తీశాను. అందులోనూ అదే వేలు. అదే కోత.

రెండూ కిటికీ దగ్గర పెట్టి చూశాను. మధ్యాహ్నం భోజనానికి వెళ్ళొచ్చి మళ్ళీ చూశాను. నీకు ఎవరైనా తప్పు చదివి వినిపించారా? ఓనరు బలవంతం చేశాడా? రెండు వైపులా ఒకే మనిషి ఉంటే, నిబంధన ప్రకారం రెండు చోట్లా కొట్టేయాలి. అప్పుడు నువ్వు అసలు మాట్లాడనట్టే. మా పై అధికారి కూడా చూశారు, ఎవరీవిడ అని అడిగారు. ఏదో చెప్పాను.

ఆ కాగితాలు రెండు రోజులుగా నా సొరుగులో ఉన్నాయి. ఏది నీది, ఏది కాదు, ఒక్క ముక్క రాయి. నాకు ఏమీ అర్థం కావడం లేదు.

నీ చెల్లెలి కూతురు.

*

బొంతల గది,
రేకుల వీధి.
తెరిపిచ్చిన రోజు.

అమ్మాయికి,

నా పేరు బొంతలమ్మ, మిగతా వివరాలు మారలేదు.

రెండూ నావే. నన్ను ఎవరూ మోసం చేయలేదు, నన్ను బలవంతం చేసేవాడు ఈ వీధిలో ఇంకా పుట్టలేదు. రెండు కాగితాలూ రైటరే చదివి వినిపించాడు. రెండో దాని దగ్గర, "అమ్మా, మొన్న దీనికి ఎదురు కాగితం మీద వేశారు" అని కూడా అన్నాడు. "తెలుసు, సిరా ఇటు జరపండి" అన్నాను.

ఇప్పుడు చెప్పేది నా చెల్లెలి కూతురికి చెబుతున్నాను. మీ మూడో అంతస్తుకి కాదు.

ఇంట్లో ఉండేవాళ్ళు నేనూ గోడ గడియారమూ అని రాయించాను. గడియారం ఆగిపోయి రెండేళ్ళయింది. ఉన్నది ఒక పిల్ల. వానలకి ముందు దారిన పోతూ గుమ్మం దగ్గర నిలబడి, మేం ముగ్గురం కుట్టడం చూస్తూ ఉండిపోయింది. లోపలికి రమ్మంటే తల పైపట్టీకి కొట్టుకుంది, అంత పొడుగు. అందుకే పొడుగమ్మాయి అంటాం. ఆ మర్నాడు మళ్ళీ వచ్చింది, మళ్ళీ కొట్టుకుంది. మూడో రోజు మేడగది చూపించాను. గుమ్మం పైపట్టీకి దూది మెత్త కుట్టి మేకులు కొట్టించాను.

ఆ పిల్ల పని మీరు చెప్పే ఆ పనే. మేడ మీద కూర్చుని, వాళ్ళ దేశంలో మందు సీసాల మీద అంటించే రాతలు సరిచూస్తుంది. ఎన్ని చుక్కలు, రోజుకెన్నిసార్లు. ఒక అక్షరం తప్పు పోతే అక్కడెక్కడో ఒక ముసలిది ఎక్కువ తాగేస్తుంది, అని చేత్తో చేసి చూపించింది. చచ్చిపోయినట్టు తల వాల్చింది కూడా. నవ్వొచ్చింది, కానీ ఆలోచిస్తే నవ్వే సంగతి కాదు. ఇక్కడ నా నెత్తి మీద కూర్చుని ఆ దేశం ముసలిదాన్ని కాపాడుతోంది. ఈ పిల్ల ఏ వీధి మనిషి అని చెప్పాలి? తిండి ఇక్కడ, పని అక్కడ. రైటరుని అడిగితే నివాసం గడిలో రెండు చోట్లు రాయకూడదంటాడు.

నీకు ఇంకోటి కూడా చెప్పలేదు. నా కళ్ళు సూది బెజ్జం దాకా రావడం మానేసి ఏడాది అవుతోంది. కుట్టు వేళ్ళకి తెలుసు, కళ్ళతో పని లేదు. దారం ఎక్కించడమే రాదు. నాతో కుట్టే ఆడవాళ్ళకి చెబితే, ఇక బొంతలమ్మ పని అయిపోయిందంటారని చెప్పలేదు. రోజూ పొద్దున్నే వాళ్ళు రాకముందే ఈ పిల్ల దిగి వచ్చి, పాతిక సూదుల్లో దారం ఎక్కించి, దిండుకి వరసగా గుచ్చి పెట్టి వెళ్ళిపోతుంది. ఎవరూ అడగలేదు. ఒకరోజు నేను బెజ్జం కోసం తడుముకుంటుంటే చూసింది, అంతే. మన మాటలు అరవై దాకా నేర్చుకుంది, అందులో సగం దారం మాటలే.

ఆమె గడువు ఇంకో నలభై రోజులు. పథకం రాకపోతే ఆ పిల్ల పోవాలి, పిల్ల పోతే నా సూదులు పోయాయి. పథకం వస్తే గది పోతుంది. గది పోతే సూదులు దేనికి? చెప్పు, చదువుకున్నదానివి. ఏ కాగితం కొట్టేయమంటావు?

బల్లల సంగతి ఆ పిల్లకి చేతులతో చెప్పాను. ఇరవై నాలుగు అని వేళ్ళు చూపించాను. మొహం ముడుచుకుంది. అలాంటి బల్లల మధ్య నుంచే పారిపోయి వచ్చిందట. అంటే మీరు ఎవరి కోసం వేస్తున్నారో వాళ్ళకీ అక్కర్లేదా? లేక ఈ ఒక్క పిల్లకే అక్కర్లేదా? ఈమెని ఎవరూ పిలవలేదు, తనే వచ్చింది. పిలిస్తే వచ్చేవాళ్ళు ఎలా ఉంటారో నేను చూడలేదు. వాళ్ళూ సూదుల్లో దారం ఎక్కిస్తారో, రేకులాయన సుత్తి ఆపమంటారో. నా బుర్ర తిరిగిపోతోంది, ఇక్కడితో ఆపుతున్నాను.

బొంతలమ్మ వేలిముద్ర.

(రాసేవాడి మనవి: ఇలాంటి అర్జీ నా జీవితంలో రాయలేదు. ఎవరి మీదో, ఏం కావాలనో తేలలేదు.)

*

నా గది.
ఆదివారం.

పెద్దమ్మా,

ఈ ఉత్తరం ఇంటి దగ్గర రాస్తున్నాను. మూడుసార్లు చింపాను.

ఆ పిల్ల సంగతి నేను చదవలేదు. చదివినట్టు నాకు గుర్తు లేదు. మళ్ళీ ఎవరికీ రాయించకు.

జాబితాలో నీ గది రాసింది నేనే.

సర్వే ఆయన రాకముందే రాశాను. ఎంపికైన గదులకి కప్పు బాగు చేస్తారని పథకం మొదటి పేజీలో ఉంది. కిందటి వానల్లో నేను వచ్చినప్పుడు, తడిసిన బొంత రెండు చేతులా ఎత్తి పిండుతున్నావు. "కప్పు వేయించమని ఓనరుకి చెప్పు పెద్దమ్మా" అంటే, "వాడికి చెప్పడం కంటే వానకి చెప్పడం నయం" అన్నావు. అది మనసులో పెట్టుకుని రాశాను. గది పొడవు, వెడల్పు, వెలుతురు, అన్నీ నాకు కంఠతా వచ్చు. తర్వాతి గళ్ళలో ఉన్న సామాను రాయమన్నారు. బల్లలు: లేవు. కుర్చీలు: లేవు. యంత్రాలు: లేవు. నిజమే కదా, మనకి ఏమీ ఉండవు. అన్నిటికీ లేవు అని వస్తే చివరి గడిలో ఖాళీ అని రాయాలని కింద సూచన ఉంది. సూచన ప్రకారం రాశాను. బొంత నేల మీద కుడతారన్న సంగతి రాయడానికి అందులో గడి లేదు.

రెండో పేజీ వారం తర్వాత నా బల్ల మీదకి వచ్చింది. ఖాళీ గదులని అతిథుల పని గదులుగా మార్చాలని అందులో ఉంది. అది చదివాక కూడా పదిహేను రోజులు ఊరుకున్నాను. ఎలాగో ఆగిపోతుందనుకున్నాను. నీ మొదటి ఉత్తరం వచ్చేనాటికే నాకు అంతా తెలుసు.

ఇంకోటి. ఎవరీవిడ అని పై అధికారి అడిగితే, ఏదో చెప్పానని రాశాను. తెలియదని చెప్పాను. తెలుసంటే, జాబితాలో మీ మనిషి గది మీరే ఎందుకు రాశారని అడుగుతారని భయం వేసింది. ఈ ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు.

నన్ను అతిథుల కరపత్రం రాయమన్నారు. "మా వీధులు మీ కోసం ఎదురుచూస్తున్నాయి" అని రాశాను. అందరూ బాగుందన్నారు. రేకుల వీధి ఎవరి కోసమైనా ఎదురుచూడడం నేను ఎప్పుడూ చూడలేదు.

నువ్వు తిడితే తిట్టు.

*

బొంతల గది,
రేకుల వీధి.

పథకం కార్యాలయం మూడో అంతస్తు అధికారిణి గారికి,

నా పేరు బొంతలమ్మ. వయసు డెబ్బై అయిదు. వృత్తి బొంతలు కుట్టడం. నివాసం రేకుల వీధి. ఈసారి రైటరు అడగలేదు, నేనే రాయమన్నాను. నేనెవరో తెలియనివాళ్ళకి రాస్తున్నప్పుడు ఇవన్నీ ఉండాలి కదండీ.

మీరు రాసింది అందింది. మీ ఉద్యోగం ఖాయం కావాలని కోరుకుంటున్నాను. నా గదిలో పాకిన పిల్ల ఒకతె ఉండేది, ఇప్పుడు ఎక్కడో పెద్ద ఆఫీసులో ఉందని విన్నాను. మీకు కనిపిస్తే, నేను బాగానే ఉన్నానని చెప్పండి.

ఎక్కువ చెప్పను. మా పనిలో ఒక తప్పు ఉంది, కొత్తగా నేర్చుకునేవాళ్ళు చేస్తారు. తొందరకొద్దీ ఒక అంచు నుంచి మొదలెట్టి కుట్టుకొస్తారు. ముడత ముందుకి ముందుకి జరిగి అవతలి అంచు దగ్గర గుట్టగా తేలుతుంది. అప్పుడు దాన్ని కత్తిరించి పారేద్దామా అని అడుగుతారు. నేను మొత్తం విప్పిస్తాను.

పొడుగమ్మాయికి ఇంకో దేశం నుంచి పిలుపు వచ్చిందట. ఆ పిల్ల కంప్యూటరులో బొమ్మ చూపించింది, ఎవరో నవ్వుతూ చేతులు చాపారు. "వెళ్తావా?" అన్నాను. "తెలియదు" అంది. ఆ మాట మన భాషలో చక్కగా నేర్చుకుంది. నా దగ్గరే విని ఉంటుంది.

బొంతలమ్మ వేలిముద్ర.

(రాసేవాడి మనవి: అమ్మా, ఈ ఉత్తరం చెబుతున్నప్పుడు ఆవిడ మధ్యలో రెండుసార్లు లేచి లోపలికి వెళ్ళారు. ఇది నా సొంత మాట, ఆవిడకి చదివి వినిపించలేదు.)

*

పథకం కార్యాలయం.

పెద్దమ్మా,

"అండీ" అని నన్ను నువ్వు అన్నావు. చదివి కాగితం మడిచి లోపల పెట్టాను, మళ్ళీ తీయలేదు.

విచారణ వచ్చే గురువారం మీ వీధి చివర బడి హాల్లో జరుగుతుంది. నిబంధనలు మళ్ళీ మొదటి నుంచి చదివాను. కాగితాల మీద పేరు కొట్టేసినా, మనిషి తన సొంత మాటల్లో ఒక వాంగ్మూలం ఇవ్వొచ్చు. దాన్ని ఎవరూ కొట్టేయలేరు, ఫైల్లో ఉండి తీరాలి. అడుగున ఇద్దరు సాక్షులు కావాలి. ఆ మనిషి తమకు తెలుసని చెప్పగలిగినవాళ్ళు. కాగితం జతచేశాను.

సాక్షులుగా ఎవర్ని పెట్టుకుంటావో నీ ఇష్టం. నేను అడగడానికి లేదు.

*

వాంగ్మూలం

నా పేరు బొంతలమ్మ. తల్లిదండ్రులు పెట్టిన పేరు ఈ కాగితం వెనకవైపు రైటరు విడిగా రాశాడు. వయసు డెబ్బై అయిదు. వృత్తి బొంతలు కుట్టడం, యాభై రెండేళ్ళుగా ఒకే గదిలో. ఇంట్లో ఉండేవాళ్ళు నేనూ, ఇంకొకరు. ఆ ఇంకొకరు ఎవరని ఈ సభలో ఎవరూ నన్ను అడగొద్దు, నేను చెప్పను.

నాకు చదువు లేదు. నేను చెప్పింది రైటరు రాశాడు, రాసింది చదివి వినిపించాడు, సరిగ్గానే ఉంది.

పరదేశం నుంచి పని చేసుకునేవాళ్ళని పిలవాలా వద్దా అని మీరు వీధి వీధికీ తిరిగి అడిగారు. నన్ను కూడా లెక్కలోకి తీసుకుని అడిగారు, సంతోషం. నేను రెండు కాగితాల మీదా వేలిముద్ర వేశాను. తెలిసే వేశాను. ఒకటి వెనక్కి తీసుకోమంటే తీసుకోను. కొట్టేస్తే మీరే రెండూ కొట్టేయండి, ఆ పాపం నాకు వద్దు.

పిలవండి అన్నాను, ఎందుకంటే వచ్చినవాళ్ళలో ఒకరిని నేను దగ్గరగా చూశాను. ఆ ఒకరి కోసం అయితే నా పదివేళ్ళూ వేస్తాను. వద్దు అన్నాను, ఎందుకంటే మీరు పిలిచిన పద్ధతి చూశాను. చుట్టాన్ని పిలిచేవాళ్ళు తమ ఇంట్లో చాప వేస్తారు. మీరు నా ఇంట్లో వేశారు, నన్ను లేపి.

ఇక మీదట ఏం చేయాలో నాకు తెలియదు. తెలిసినట్టు చెప్పమని రేకులాయన ఒక పక్క, ఓనరు ఒక పక్క పట్టుకున్నారు. ఇద్దరికీ నేను లొంగలేదు. నాకు తెలిసింది ఒక్కటే. నా గది ఖాళీ కాదు. పొద్దున్నే వచ్చి చూడండి. బొంత పరిచి ఉంటుంది, నాలుగు మూలలా రాళ్ళు ఉంటాయి, దిండుకి పాతిక సూదులు గుచ్చి ఉంటాయి. బల్ల లేదు, కుర్చీ లేదు, యంత్రం లేదు. పని ఉంది. మీ కాగితంలో దానికి గడి లేకపోతే ఒకటి గీయండి, రైటరు దగ్గర స్కేలు ఉంది, ఇస్తాడు.

ఇంతే నా మాట.

బొంతలమ్మ, ఎడమ చేతి బొటనవేలి ముద్ర, అడ్డంగా పాత కోత ఉన్నది.

సాక్షులు:

ఒకటి. కోర్టు గోడ పక్కన అర్జీలు రాసే రైటరును. ఈవిడని ముప్పై ఏళ్ళుగా ఎరుగుదును. ఈవిడ అడిగేదేమిటో ఈ ఒక్క కాగితంలో తేలింది. రెండో సాక్షి చోటు గురువారం ఉదయం హాలు తలుపు తీసే వరకూ రాయకుండా ఉంచమన్నారు. ఉంచాను.

రెండు. నేను ఈమె చెల్లెలి కూతుర్ని, పథకం కార్యాలయంలో గుమాస్తాని. ఈ గది ఖాళీ అని జాబితాలో రాసింది నేనే, అది తప్పు. ఈ సంతకం హాల్లో అందరి ఎదుటా, మా పై అధికారి కలంతోనే పెడుతున్నాను. ఈమె నాకు తెలుసు.